ఒక్క ఇంటి మినహాయింపు

మా ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో అన్నీ పనిచేశాయి. లిఫ్టు పనిచేసింది. గుండె చప్పుడును గీతలుగా చూపించే యంత్రం పనిచేసింది. హాల్లో గోడకున్న టీవీలో, ఇంటర్నెట్ మీద వచ్చే సినిమా ఒకటి ఎక్కడా ఆగకుండా నడుస్తూనే ఉంది. నర్సు ఆయన ఎదురుగా పట్టుకున్న ఫోనులో బొమ్మ ఒక్కటే ఆగిపోయింది.

ఆయనకు పుట్టుక నుంచీ వినపడదు. చేతులతో మాట్లాడేవారు. బయట పని పడితే బధిరుల సంఘం నడిపే ఉచిత వీడియో కాల్ చేసేవారు. అటు పక్క దుబాసి ఆయన చేతులు చూసి ఎదుటివాళ్ళకు మాటల్లో చెప్పేది. ఆ రోజు ఆయన చెప్పవలసింది చిన్న మాటే: ఆ సూది మందు నాకు పడదు. కుడిచేతికి సెలైన్ గొట్టం ఉండటం వల్ల రాయలేకపోయారు. ఎడమచెయ్యి ఎత్తారు. దుబాసి తెర మీద ఆ చెయ్యి సగంలో గడ్డకట్టింది. "కనపడటం లేదు, కాసేపు ఆగండి" అని ఆమె అరిచింది. డాక్టరుకు ఆగే వీలు లేకపోయింది. ఆ సూదే వేశారు.

నేను బడి నుంచి వెళ్ళేసరికి ఆ ఎడమచెయ్యి దుప్పటి కింద ఉంది.

ఆ దుబాసి నిన్న మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి. కుర్చీ అంచున కూర్చుంది. ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు.

"టీచర్, రేపటి విచారణకు కంపెనీ వాళ్ళ జవాబు వచ్చింది."

ఇంటర్నెట్ కంపెనీల నియంత్రణ మండలి మర్నాటికి అందరినీ పిలిచింది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు ప్రతి సైటునూ ఒకే వేగంతో మోయాలా, లేక డబ్బు కట్టినవాటిని ముందు పంపి తక్కినవాటిని వెనక నిలబెట్టవచ్చా అన్నది అక్కడ తేలాలి. మా ఊళ్ళో ఉన్నది ఒకటే కంపెనీ. డబ్బు కట్టలేని సంఘం కాల్‌ను ఆ కంపెనీ కావాలనే నెమ్మది చేస్తోందని సంఘం ఫిర్యాదు. ఆ కంపెనీలోనే మా మరిది ఇంజినీరు.

"వాళ్ళేమంటున్నారు?" అన్నాను.

"మేం ఎవరినీ ఆపలేదు, ఆ సర్వీసే నాసిరకం అంటున్నారు. సాక్ష్యం కూడా పెట్టారు."

"ఎవరి సాక్ష్యం?"

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "సార్‌ది."

"ఏ సారు?"

"మీ సారే, టీచర్."

ఫోను నా ముందు పెట్టింది. పోయిన ఏడాది సంఘం సభ. వేదిక మీద మా ఆయన. నీలం చొక్కా, మోచేతుల దాకా మడిచిన దాని చేతులు, గోళ్ళ సందుల్లో అచ్చు పోసే తెల్లటి పిండి. ఆయన దంతాల ల్యాబులో పళ్ళు కట్టేవారు. ఈ ఊళ్ళో సగం నవ్వులు నేను చేసినవేనని ఆయన వేళాకోళం.

వేదిక మీద ఆయన చేతులు చెబుతున్నాయి: "మా ఇంట్లో ఈ కాల్ అద్దంలా వస్తుంది. ఇప్పుడు ఒక్కసారి కూడా ఆగదు. కంపెనీ మీద నింద వెయ్యకండి. మా తమ్ముడు అక్కడే పనిచేస్తాడు, నాకు తెలుసు. మీ ఫోన్లు పాతవి. మార్చుకోండి."

సభలో కొందరు నవ్వారు. ముందు వరుసలో ఒక ముసలాయన తన ఫోనును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆయన పోయిన నెల రోజులకు మళ్ళీ ఆ చేతులు కదలడం చూశాను. మళ్ళీ పెట్టమని అడగలేదు. ఆ అమ్మాయే మళ్ళీ పెట్టింది.

"ఇక్కడ చూడండి. కింద వాళ్ళు వేసిన అక్షరాలు. 'మా తమ్ముడు' అని వేశారు. సార్ ఇక్కడ చెవి తమ్మె పట్టుకున్నారు. తమ్ముడికి మా సంఘంలో ఆ సైగ లేదు. నాకే తెలియదు. మరి కంపెనీ వాళ్ళకు ఎవరు చెప్పారు?"

అది మా ఇంటి సైగ. చిన్నప్పటి నుంచీ తనకు చెవిగా ఉన్నవాడని ఆయన తమ్ముడికి పెట్టుకున్న పేరు. అది తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అత్తయ్య, నేను, ఆ తమ్ముడు.

"బస్సులో మూడుసార్లు ప్రయత్నించాను, ఈ వీడియో తెరుచుకోలేదు" అంది ఆ అమ్మాయి, ఏదో ఒకటి మాట్లాడాలని. "మీ ఇంట్లో చూడండి, ఎంత బాగా వస్తోందో."

"మా ఇంట్లో ఎప్పుడూ అంతే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. ఆవిడకూ అదే కంపెనీ, అదే ప్యాకేజీ. ఒకే స్తంభం నుంచి రెండు తీగలూ పక్కపక్కనే దిగుతాయి. ఇద్దరం కిందికి వెళ్ళాం. ఆవిడ మిషను ఆపి, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీసి, నా చెయ్యి పట్టుకుంది.

"రా అమ్మా. మీ ఆయన కట్టిన పళ్ళమ్మా ఇవి. అన్నం నములుతున్న ప్రతిసారీ తలుచుకుంటాను."

"మీ ఇంటర్నెట్ ఒకసారి వాడుకోవాలి పిన్నిగారూ."

"వాడుకో. దానికేం భాగ్యం! సినిమాలు గడగడా వచ్చేస్తాయి. మా చెల్లెలికి ఫోన్ చేస్తే మాత్రం దాని మొహం పిండిబొమ్మలా బిగుసుకుపోతుంది. వాళ్ళ వీడియో ప్యాకేజీ కొనుక్కో బాగుంటుందన్నాడు ఆ లైను అబ్బాయి. సొంత చెల్లెల్ని చూసుకోవడానికి మళ్ళీ టిక్కెట్టా అన్నాను."

దుబాసి సంఘానికి కాల్ చేసింది. అటు పక్క కుర్రాడు చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. వేళ్ళు చదరాలు చదరాలుగా విడిపోయాయి. మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చి మళ్ళీ చేసింది. ఆ కుర్రాడి చేతి గడియారంలో ముల్లు కూడా కనపడింది.

ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే కూలబడింది. "ఆ రోజు నా తెర మీద కూడా ఇలా వచ్చి ఉంటే..." అని, తక్కినది చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చింది వేరే.

*

మరిది ఆఫీసు నుంచి వచ్చేటప్పటికి ముందు గదిలో కూర్చుని ఉన్నాను. అత్తయ్య కిటికీ పక్కన తన కుర్చీలో ఉన్నారు. తోడికోడలు వంటింట్లో ఉంది.

"మన ఇంట్లో కాల్ ఎందుకు ఆగదు?" అన్నాను.

షూ లేసు విప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఏంటి వదినా ఇది, గుమ్మంలోనే? టీ అయినా తాగనియ్యి."

"తాగు. తాగుతూ చెప్పు."

"లైను మంచిది. అంతే."

"కింద ఆవిడదీ అదే తీగ. ఆవిడ గదిలో ఎత్తిన చెయ్యి దిగదు. మెట్లెక్కి పైకి వస్తే దిగుతుంది. మన మెట్లలో ఏం మహత్యం ఉంది?"

తోడికోడలు గరిటె పట్టుకునే వచ్చింది. "వచ్చీ రాగానే బోనెక్కించారా అక్కా? మనిషి పొద్దుననగా పోయి ఇప్పుడొచ్చాడు."

"నేను అతన్ని అడుగుతున్నానమ్మా."

"ఆయన్ని అడిగితే నన్ను అడిగినట్టే."

"అయితే నువ్వే చెప్పు."

ఆమె మొగుడి వైపు చూసింది. తెలియదని ఆ చూపులోనే తెలిసింది.

మరిది షూ విప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. అన్నదమ్ములిద్దరికీ అదే అలవాటు. నేను అటు చూడలేదు.

"అన్నే అడిగాడు. చేతులు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయిరా, ఏదో ఒకటి చెయ్యరా అన్నాడు. అన్నకు చెప్పకుండా మన ఇంటి లైను ఒక్కటి ఆ నియమంలోంచి తప్పించాను."

"ఏ నియమం?"

"రద్దీ ఉన్నప్పుడు, కంపెనీతో ఒప్పందం లేని వీడియోలన్నీ వెనక్కి పోతాయి. ఒప్పందం ఉన్నవి ముందు."

"ఎవరు రాశారు దాన్ని?"

"మా టీము."

"టీములో ఎవరు?"

విప్పని షూ వైపు చూస్తూ అన్నాడు. "నేనే."

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. తోడికోడలు కదల్లేదు.

"తిట్టేముందు ఒకటి విను వదినా" అన్నాడు. "తీగలో పట్టేది ఇంతే. ఊరంతా ఒకేసారి సినిమాలు చూస్తే అందరికీ చెడుతుంది. ఎవరో ఒకరు ఆగాలి. కొత్త తీగలు వెయ్యాలంటే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు వెళ్ళాలనుకునేవాడు కడతాడు, ఆ డబ్బుతో దారి వెడల్పవుతుంది. రోడ్డు మీద అంబులెన్సుకు పక్కకు తప్పుకోమా? అదీ ఇంతే."

"ఆ రోజు సినిమా ఆగిందా?"

"వదినా..."

"హాల్లో సినిమా నడుస్తూనే ఉంది. మంచం మీద మీ అన్న చెయ్యి ఆగింది. మీ రోడ్డు మీద అంబులెన్సు ఏది?"

"ఆ నియమానికి మనిషి కనపడడు. అది ఆసుపత్రో, ఆటో, దానికి తెలియదు. ఎవరికి ఒప్పందం ఉంది, ఎవరికి లేదు, అంతే తెలుసు."

"దానికి తెలియదు. సరే. నీకు తెలుసుగా?"

అప్పుడు అత్తయ్య మాట్లాడారు. పెద్దకొడుకుతో బతుకంతా సైగలతో గడిపిన మనిషి. వినపడేవాళ్ళతో మాట్లాడినా ఆవిడ చేతులు ఊరుకోవు. ఇప్పుడు చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఒరే, మన ఇంటికి బాగుచేసినవాడివి, ఆసుపత్రికి ఎందుకు చెయ్యలేదురా?"

"అమ్మా, అన్నిచోట్లా చేస్తే తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది?"

"చేస్తున్నామని."

ఆ మాట అన్నాక తను ఏమన్నాడో అతనికే వినపడినట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బావగారి మంచికే కదా చేశాడు!" తోడికోడలు అందుకుంది. "సొంత అన్న కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టాడు. అది ఎవరికీ కనపడదు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళు హాయిగా మాట్లాడుకున్నారు కదక్కా, అప్పుడు చేదయిందా?"

"అప్పుడు తెలియదమ్మా. తెలిసి ఉంటే మీ బావగారు అంతమందిలో లేచి, మీ ఫోన్లు పాతవి అని వాళ్ళను అనేవారు కాదు. పరీక్ష పేపరు మన పిల్లాడి చెవిలో ముందే చదివి, తక్కిన తరగతిని మొద్దులనిపించినట్టు చేశాడు ఇతను. ఆ తిట్టేదేదో మన పిల్లాడి చేతే తిట్టించాడు."

మరిది లేచాడు. "ఆ వీడియో సంగతి నీకెవరు చెప్పారు?"

"చూశాను. కింద అక్షరాలు కూడా చదివాను. 'మా తమ్ముడు' అని చక్కగా వేశారు. చెవి పట్టుకుంటే తమ్ముడని కంపెనీకి ఎవరు చెప్పారు?"

కింద మిషను చప్పుడు వినపడింది, ఆగింది, మళ్ళీ వినపడింది.

"చెప్పరా" అన్నారు అత్తయ్య.

"పిలిచి అడిగారు. మీ అన్నే కదా, ఏమంటున్నాడో చెప్పమన్నారు. చెప్పాను. ఒక్క మాట మార్చలేదమ్మా. నీ మీద ఒట్టు, అన్న ఏమన్నాడో అదే చెప్పాను."

"ఎప్పుడు అడిగారు?" అన్నాను.

"పోయిన వారం."

"అంటే ఆయన పోయాక."

తల వంచుకున్నాడు.

"ఆయన అబద్ధం ఆడలేదు. నువ్వూ ఒక్క మాట మార్చలేదు. బాగుంది. ఎవరూ ఏమీ మార్చకుండానే పోయిన మనిషి చేత దొంగసాక్ష్యం చెప్పించారు. నోట్లో నాలుక లేని మనిషి దొరికాడని ఆయన చేతులు కూడా వాడుకున్నారు. తనను చంపినవాళ్ళ తరఫున రేపు ఆయనే నిలబడి మాట్లాడతారు. ఊళ్ళో ఉన్న సంఘం వాళ్ళంతా చూస్తారు."

"చంపడమేంటి వదినా! మీరు కూడా అంత మాట అంటే ఎలా?"

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి అతను నిక్కర్లు వేసుకునేవాడు. ఇన్నేళ్ళలో నన్ను 'మీరు' అనడం ఇదే మొదలు.

"సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటాను" అన్నాను. "నువ్వు కూడా ఒక మాట వెనక్కి తీసుకో. రేపు వెళ్ళి చెప్పు. ఆ ఇంటికి ఒక్కదానికే మినహాయింపు ఉంది, అందుకే మా అన్న అలా అన్నాడు, తక్కిన ఊరంతా ఆగుతోంది, ఆపుతున్నది మేమే, అని చెప్పు. ఇంకేం వద్దు. అన్న మాటకు ముందూ వెనకా ఉన్నది కలుపు."

"చెబితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"తెలియదు. ఉద్యోగం పోవడం కాదు. లోపలి సంగతి బయటపెట్టనని సంతకం చేశాను. కోర్టుకీడుస్తారు. ఇంకెవరూ నాకు పని ఇవ్వరు."

"అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది తోడికోడలు. నిజంగానే వంగబోయింది. భుజం పట్టుకుని లేపాను. "పోయినాయన ఎలాగూ రారు. ఉన్నవాణ్ణి ఎందుకు ముంచుతారు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. కానీ అత్తయ్య ముందు అనలేకపోయాను. పోయినాయన రారు. రేపో ఎల్లుండో ఇంకో మంచం మీద ఇంకో చెయ్యి పైకి లేస్తుంది. అది ఎవరిదో ఆ నియమానికి తెలియదు.

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను" అన్నాను. "మాట్లాడేవాళ్ళలో నా పేరు కూడా రాయమని దుబాసి అమ్మాయితో చెప్పాను."

"ఏం చెబుతారు? కింద పిన్నిగారి మాటా? మా మెట్లలో మహత్యం ఉందనా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. బతిమాలుతున్నట్టే ఉంది. "ఆ నియమంలో మన ఇంటి కోసం రాసిన ఒక్క వరుస నేను తీసేస్తే రేపటికి మన ఇల్లూ అందరి ఇళ్ళలాగే ఉంటుంది. మండలి వాళ్ళు వచ్చి చూసినా ఏమీ కనపడదు. అప్పుడు మిమ్మల్నెవరు నమ్ముతారు?"

"బెదిరిస్తున్నావా?"

"ఉన్నది చెబుతున్నాను."

"అయితే నీ కంపెనీ తరఫున వచ్చే పెద్దమనిషికి కూడా ఇదే చెప్పు. కళ్ళు పెట్టి ఆ మనిషిని చూడాలని ఉంది నాకు."

అతను తోడికోడలి వైపు చూశాడు. అత్తయ్య వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"రేపు కంపెనీ తరఫున మాట్లాడేది నేనే వదినా. మృతుడి తమ్ముడు చెబితే నమ్ముతారని నన్నే పెట్టారు."

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. సాయం పట్టబోయిన తోడికోడలి చేతిని తోసేశారు. కొడుకు పక్కనుంచే నడిచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు ఈ ఇంట్లో ఎప్పుడూ వేసి ఉండదు. తలుపు కొడితే వినపడని కొడుకు ఉన్న ఇల్లు కదా, ఆవిడే వెయ్యనిచ్చేవారు కాదు.

మరిది మెట్లెక్కి పైన తన గదికి వెళ్ళాడు. తోడికోడలు మాడిన గిన్నె దించి, అందులో నీళ్ళు పోసి, అలాగే నిలబడింది. ఆ పూట ఎవరం అన్నాలు వడ్డించుకోలేదు.

*

పొద్దున స్నానం చేసి, బడికి సెలవు చెప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. సంఘం పెద్దాయన. ఆయనకూ వినపడదు. సభలో ఆ రోజు తన ఫోనును తిప్పి చూసుకున్న ముసలాయన ఈయనే. విచారణ దగ్గర ఎక్కడ కలుసుకోవాలో చెప్పడానికి వీడియో కాల్ చేశాడు. మా ఆయన ఎప్పుడూ కూర్చునే చోటే, గోడ వారగా, ఫోను నిలబెట్టి కూర్చున్నాను.

ఆయన నమస్కారం పెట్టాడు. "నువ్వు వస్తున్నావు కదా, మాకు..." అంటూ రెండు చేతులూ ముందుకు తెచ్చాడు.

తెచ్చిన చేతులు అక్కడే ఉండిపోయాయి.

మా ఇంట్లో అలా ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. కాల్ ఆపి మళ్ళీ చేశాను. కిటికీ దగ్గరికి జరిగాను. ఈసారి ఆయన మొహం సగం వచ్చింది. మిగిలిన సగం చదరాలుగానే ఉంది. రెండేళ్ళుగా అద్దంలా వచ్చిన ఇంట్లో, కింది వాటాలో ఆవిడకు వచ్చినట్టే వచ్చింది.

మినహాయింపు తీసేశాడు.

నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా. సాక్ష్యం చెరిపేశాడు అనుకున్నాను. గబగబా మెట్ల దాకా వెళ్ళాను. అక్కడ ఆగాను. దాచడానికి తీశాడో, మన ఒక్కరికే ఉండటం ఇక భరించలేక తీశాడో, నాకు తెలియదు. రెంటికీ తీసేది ఆ ఒక్క వరుసే.

కింద గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. రాత్రి నిద్రపోయిన మొహంలా లేదు.

"ఒకే చోటికి కదా వదినా. దింపుతాను, రా."

'రా' అన్నాడు, 'రండి' అనలేదు.

వెనకనుంచి అత్తయ్య వచ్చారు. చెప్పులు వేసుకుని ఉన్నారు. ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. పైన తోడికోడలు కిటికీ రెక్క పట్టుకుని చూస్తోంది. నేను ఎక్కాను.

విచారణ జరిగే హాలు ముందు సంఘం వాళ్ళు గుంపుగా ఉన్నారు. అందరి చేతులూ ఒకేసారి కదులుతున్నాయి. ఆ దుబాసి అమ్మాయి నన్ను చూసి పరుగున వచ్చింది. లోపల రెండు వైపులా కుర్చీలు వేశారు. ఎడమ పక్కన సంఘం, కుడి పక్కన కంపెనీ. మరిది కారు నిలిపి వచ్చి, మధ్య దారిలో మా ముందు నడుస్తున్నాడు.

ఆ మినహాయింపు తీసింది ఎందుకని నేను అతన్ని ఇంకా అడగలేదు. అతను ఇంకా ఏ వైపూ కూర్చోలేదు.